సాంచాల పేటలో మోటారు ఇంజన్లు

సూరత్ రైల్వే స్టేషనులో దిగి రింగు రోడ్డు మీదుగా వస్తే, బట్టల మార్కెట్ల బహుళ అంతస్తుల వెనుక, బేగంపురాకు పొరుగున సలాబత్‌పురా అనే పాత పేట ఉన్నది. మా తండ్రిగారు 1968లో సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి ఈ పేటలో ఒక మరమగ్గాల ఖాతాలో పనికి కుదిరారు. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుంచి భివండికీ, షోలాపూరుకూ, సూరత్‌కూ తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలలో మాదీ ఒకటి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. గుజరాతీలో యంత్రాన్ని సంచో అంటారు. ఊరు మారినా, చుట్టూ భాష మారినా, పనిముట్టు పేరు మాత్రం ఆయన కొత్తగా నేర్చుకోవలసి రాలేదు.

నేను యంత్రశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. నగరపాలక సంస్థ నడిపే తెలుగు పాఠశాలలో పిల్లలకు వ్యాకరణమూ ఎక్కాలూ చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. అయినప్పటికీ మోటారు కార్లంటే, అందునా వాటి ఇంజన్లంటే, చిన్ననాటి నుంచీ తీరని మోజు. ఆ మోజుతో ఏర్పరచుకున్న అభిప్రాయాలను కొన్నింటిని ఇక్కడ మనవి చేస్తున్నాను. నిపుణులు వీటిలో కొన్నింటితో ఏకీభవించకపోవచ్చు. మా బాపు కూడా కొన్నింటితో ఏకీభవించలేదు. ఆ కథే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

ముందుగా చప్పుడు సంగతి చెప్పాలి. పాతరకం సాంచాలో నాడె నిమిషానికి 150 సార్ల వరకు ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టుకుంటుంది. ఒక రేకుల గదిలో అటువంటివి ఇరవై ముప్పై ఒకేసారి నడుస్తుంటే లోపల మనుషులు సైగలతోనే మాట్లాడుకోవాలి. మా ఇంటి గోడకు అవతల అటువంటి ఖాతా ఒకటి ఉండేది. మేము ఆ చప్పుడులోనే చదువుకున్నాం, ఆ చప్పుడులోనే నిద్రపోయాం. అర్ధరాత్రి కరెంటు పోయి అది ఆగినప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచేవాళ్ళం. బాపు యాభై ఏళ్ళు నిండకముందే రెండు చెవులా వినికిడి పోగొట్టుకున్నారు. కానీ సాంచా పక్కచట్రం మీద అరచేయి ఆనించి, క్షణకాలం కళ్ళు మూసుకొని, ఏ బుష్ అరిగిందో, నాడెను కొట్టే కర్రకు కట్టిన తోలుపట్టీ ఎక్కడ సడలిందో చెప్పగలిగేవారు. ఖాతా యజమాని మెకానిక్కును పిలిచేముందు బాపును పిలిచేవాడు.

మా సందు మలుపులో ఒక కార్ల షెడ్డు ఉండేది. దాని యజమానిని పేట మొత్తం చాచా అనేది. బడి వదలగానే నేను అక్కడికి చేరేవాణ్ణి. స్పానర్లు అందివ్వడం, నట్లు కిరోసిన్‌లో కడగడం నా పని. అందుకు ప్రతిఫలం ఇంజన్లను దగ్గర నుంచి చూసే అవకాశం. ఆ రోజుల్లో షెడ్డుకు వచ్చేవి రెండే రకాలు: అంబాసిడర్లు, ఫియట్లు. దేశంలో ఉన్నవీ దాదాపు ఆ రెండే కదా!

అంబాసిడర్‌ను పొగడని కార్ల ప్రేమికుడు నాకు తారసపడలేదు. దానిని మండుటెండలో తోసినవాళ్ళు మాత్రం చాలామంది తారసపడ్డారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు మారురూపమైన ఆ బండి 1950ల చివర పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో తయారు కావడం మొదలై 2014 వరకు కొనసాగింది. ఈ పత్రిక పాఠకులలో అధికారులు పలువురు ఆ తెల్లని కారు వెనుక సీటులో కూర్చొని ఫైళ్ళు తిరగేసినవారే అయి ఉంటారు. వారికి గుర్తుండేది ఆ మెత్తని సీటు, తలపాగా చుట్టుకున్నవారికీ ఇరుకనిపించని ఎత్తయిన పైకప్పు. నాకు గుర్తున్నది బోనెట్ ఎత్తగానే కనిపించే ఖాళీ. 1489 సి.సి. ఇంజను మధ్యలో నిలబడి ఉంటే, దాని చుట్టూ రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చి పనిచేయవచ్చు. ఆ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-శ్రేణికి చెందినది. అదే శ్రేణి 1798 సి.సి.గా పెరిగి ఎం.జి.బి. అనే పేరుపొందిన స్పోర్ట్స్ కారును పరుగెత్తించింది. మన అంబాసిడర్‌లో ఆ వంశగౌరవం ఎక్కడా కనబడదు. అయినా అది తిట్లు తిని, కల్తీ పెట్రోలు తాగి, మర్నాడు మళ్ళీ లేచేది.

కారు రూపకల్పన గురించి రాసేవారు సాధారణంగా బయటి రేఖలనే వర్ణిస్తారు. బాగుచేసే మనిషి చేతికి లోపల చోటివ్వడం కూడా రూపకల్పనే అని నేను వాదిస్తాను. ఈనాటి కార్లలో బోనెట్ ఎత్తితే నల్లని ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. ఇంజను ఉన్నదని నమ్మాలి, అంతే.

ఫియట్ వేరే రకం. ఇటలీలో దాంతే జకోసా అనే మహా రూపశిల్పి పర్యవేక్షణలో 1953లో వెలువడిన ఫియట్ 1100 కుటుంబం నుంచి మన ఫియట్ పుట్టింది. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964లో డిలైట్ అనే నమూనాను తెచ్చారు. 1974లో దానికే ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కన గేరు కాడ, వెనుక రెక్కల్లా సన్నగా లేచిన అంచులు. అంబాసిడర్ ఇంజను బరువు మోసేవాడిలా మూలిగితే, ఫియట్ ఇంజను కొంచెం సన్నని గొంతుతో, చురుకుగా, ప్రతి దెబ్బా విడివిడిగా వినిపించేటట్టు పలికేది. వాల్వుల సందు ఒక కాగితం మందం పెరిగినా పైనుంచి టిక్కుటిక్కుమనేది. కార్బొరేటర్‌లో చెత్త పడితే దగ్గేది. తనకు ఏమైందో తానే చెప్పుకునే ఇంజను అది. చాచా దానిని ‘బోల్‌తీ మషీన్’ అనేవాడు. గుర్తుండిపోయే ఇంజను ఏది అని ఎవరైనా అడిగితే, శక్తినిబట్టి గాక, ఈ మాటకారితనాన్నిబట్టి ఫియట్ పేరే చెబుతాను.

అందమైన దేహాలకు తగని ఇంజన్లు తగిలించిన కథలు మన దేశంలో రెండున్నాయి. 1984లో వచ్చిన కాంటెస్సా, ఇంగ్లండులోని వాక్స్‌హాల్ విక్టర్ దేహంతో పొడవుగా, ఠీవిగా ఉండేది. దాని కడుపులో మొదట పెట్టినది మాత్రం అంబాసిడర్ వారి ఆ 1489 సి.సి. ఇంజనే. తరువాత జపాను ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను అమర్చాకే ఆ కారుకు ప్రాణం వచ్చింది. మద్రాసులోని స్టాండర్డ్ వారు 1985లో రోవర్ ఎస్.డి.1 వంటి మెరుపు దేహాన్ని తెచ్చి, దానిలో ఏనాటిదో వాన్‌గార్డ్ కారు ఇంజనును కొద్దిగా సవరించి పెట్టారు. స్టాండర్డ్ 2000 అనే ఆ కారు ఎక్కువ కాలం నిలవలేదు. పట్టు పడుగు మీద జనుము పేక వేసినట్టున్నదని ఒక సినిమా పత్రికలో ఆ కారు బొమ్మను చూపి బాపుతో అన్నాను. ‘గట్ల నేత్తె చీర ఎన్నొద్దులుంటది’ అన్నారాయన. లైసెన్సుల కాలంలో కర్మాగారాలు తమకు దొరికినదానితో దొరికినది అతికించుకోవలసి వచ్చింది. ఆ కాలాన్ని తలచుకున్నప్పుడల్లా కోయంబత్తూరు తెలుగువారు జి.డి. నాయుడుగారు గుర్తుకు వస్తారు. ఆయన 1950ల తొలినాళ్ళలో రెండు వేల రూపాయలకే ఇవ్వదగిన రెండు సీట్ల కారును తయారుచేశారనీ, అనుమతి రాక అది ఆగిపోయిందనీ చెబుతారు. కోయంబత్తూరులో ఆయన పేర ఉన్న ధర్మసంస్థ నెలకొల్పిన కార్ల ప్రదర్శనశాలను చూడాలన్న నా కోరిక ఇంకా తీరలేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాంగారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను మాత్రం చూశాను. 1912 నాటి సిల్వర్ గోస్ట్. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు పైబడిన ఇంజను. గాజు అద్దాల అవతల అంత మహాయంత్రం మౌనంగా నిలబడి ఉంటే నాకు జాలి వేసింది.

1991లో నేను పదేళ్ళ వయసున్న ఒక పద్మినిని కొన్నాను. పేటలో తెలుగువారి ఇళ్ళలో కారు ఉండటం అప్పటికి అరుదు. ప్రతి ఆదివారం దానిని కడగడమే కాదు, పుస్తకాలు తెప్పించుకొని చదివి, ప్లగ్గులు, పాయింట్లు, నూనె మార్చడం నేనే చేసేవాణ్ణి. చాచాకు కూడా చెప్పగలననే అహంకారం నాకు అప్పుడే పుట్టింది.

1994 సెప్టెంబరు చివర సూరత్‌లో ప్లేగు పుట్టిందన్న వార్త గుప్పుమన్నది. కొద్ది రోజులలో లక్షల మంది నగరం విడిచి వెళ్ళిపోయారు. రైలు పెట్టెల కప్పుల మీద కూడా మనుషులున్నారు. సలాబత్‌పురాలో సాంచాలు ఆగిపోయాయి. పగటిపూట ఆ నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరుగనిది. ఇద్దరు చిన్నపిల్లలు, నా భార్య, అవ్వ, బాపు. ఇంట్లో కారు ఉంది. సిరిసిల్ల తొమ్మిది వందల కిలోమీటర్ల దూరం. బయలుదేరాలని నిశ్చయించాను. చాచా షెడ్డుకు తాళం వేసి తన ఊరికి వెళ్ళిపోయాడు గనుక, ఆ ముందు రాత్రి టార్చిలైటు వెలుగులో ఇంజను నూనె నేనే మార్చాను. అడుగున నూనె వదిలే బిరడాకు కొత్త రాగి వాషరు వేయాలి. దుకాణాలు మూసి ఉన్నాయి. పాతదే తిప్పి వేశాను.

వ్యారా, నవాపూర్ దాటి మధ్యాహ్నానికి ధూలే చేరాం. అక్కడ టీ తాగి బయలుదేరిన కాసేపటికి బాపు ముందు సీటులో చెప్పులు విడిచి, పాదాలు నేలరేకు మీద ఆనించి కూర్చున్నారు. కొంతసేపటికి నా భుజం తట్టారు.

‘ఆపురా. బండికి పానం బాగలేదు.’

నాకు ఏ తేడా వినబడలేదు. డాష్‌బోర్డు మీద నూనె దీపం సన్నగా ఎర్రగా మినుకుమన్న మాట నిజమే. కానీ ఆ దీపం తీగ వదులై ఇంతకుముందు కూడా అలాగే వెలిగేది. పుస్తకాలు చదివినవాణ్ణి గదా, కారణం నాకు తెలుసు. తీగ సంగతే అని సైగ చేసి చెప్పాను. ‘కాళ్ళకు ఎర్కైతాంది బిడ్డా’ అని ఆయన మళ్ళీ అన్నారు. చెవులు లేని మనిషి ఇంజను గురించి నాకు చెప్పడమా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. అయితే మనసులో అనుకున్నందుకు ఈనాటికీ నాకు సిగ్గు.

చాళీస్‌గాఁవ్ దాటాక కన్నడ్ ఘాట్ ఎక్కడం మొదలైంది. రెండవ గేరులో ఇంజను బలంగా లాగింది. మలుపులన్నీ ఎక్కి పైకి చేరి, చదునైన రోడ్డు మీద వేగం అందుకోబోతుండగా అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు దెబ్బలు మొదలయ్యాయి. కాలు తీసేలోపే ఇంజను బిగుసుకుపోయింది. దిగి డిప్‌స్టిక్కు లాగి చూస్తే పొడిగా ఉంది. వెనుక రోడ్డు మీద ఎన్ని మైళ్ళ నుంచి నూనె చుక్కలు పడ్డాయో!

తెలియనివారి కోసం ఒక్క మాట. ఇంజనులో క్రాంకు షాఫ్టూ దానికి బిగించిన కనెక్టింగ్ రాడ్లూ నిజానికి లోహానికి లోహం తగిలి తిరగవు. వాటి నడుమ ఒత్తిడితో నిలిచే పలచని నూనె పొర ఉంటుంది. దాని మీద తేలుతూ తిరుగుతాయి. నూనె తగ్గినప్పుడు ముందు మారేది చప్పుడు కాదు, వణుకు. చప్పుడు చెవికి అందేసరికి బేరింగు లోపలి మెత్తని లోహం అప్పటికే గీసుకుపోయి ఉంటుంది. బాపు పాదాలకు తెలిసినది ఆ వణుకే.

చీకటి పడుతున్నది. దగ్గరలో ఒక టీ కొట్టు ఉంటే నీళ్ళ కోసం వెళ్ళాను. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు. నేను సూరత్ అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేసి, నీళ్ళ బిందె గట్టు మీద పెట్టి, తీసుకొమ్మని దూరం నుంచి చేయి చూపాడు. మా పిల్లలు దగ్గరకు వస్తే కొట్టు పలక దించేశాడు. అతని మీద నాకు కోపం లేదు. అతనికీ పిల్లలుండి ఉంటారు. ఆ రాత్రి మేము కారులోనే గడిపాం. చాలాసేపటి వరకు బాపు బయట నిలబడి, చల్లారుతున్న బోనెట్ మీద అరచేయి ఉంచి ఉన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున ఉల్లిగడ్డల లారీ డ్రైవరు ఒకతను, సూరత్ అని విన్న తరువాత కూడా, తాడు వేసి మమ్మల్ని ఔరంగాబాదు దాకా లాగి తెచ్చాడు. ఈనాడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్న ఊరు అదే. కారును అక్కడ వదిలి బస్సులు మారి మూడవ రోజుకు సిరిసిల్ల చేరాం.

దీపావళి తరువాత సూరత్‌కు తిరిగివచ్చాక కారును లారీ మీద తెప్పించాం. చాచా ఇంజను విప్పాడు. నాలుగు రాడ్లలో రెండింటి బేరింగు చిప్పలు నల్లబడి, లోతైన గీతలు పడి ఉన్నాయి. బిరడా దగ్గర వాషరు చూసి నా ముఖం వంక చూశాడు. ఎవరు వేశారని అడగలేదు. నేనే చెప్పాను. బాపు ఆ చిప్పలలో ఒకదానిని తీసుకొని, బొటనవేలితో లోపలి గీతలను తడిమి, చొక్కా జేబులో వేసుకున్నారు.

ఆ తరువాతి సంవత్సరాలలో మారుతి 800 అంతటా వ్యాపించింది. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందించిన నాటి నుంచీ ఆ కారు మీద నాకు చిన్నచూపే. 796 సి.సి., మూడే సిలిండర్లు, బొమ్మలాంటి చక్రాలు. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ప్రతి 180 డిగ్రీలకు ఒక సిలిండరు పేలుతుంది. మూడింటిలో 240 డిగ్రీలకు ఒకటి. అందుకే నిలిచి ఉన్నప్పుడు మారుతి సన్నగా వణుకుతుంటుంది. అది ఇంజను కాదు, కుట్టుమిషను అని స్టాఫు రూములో హాస్యమాడేవాణ్ణి.

తరువాత ఒక పత్రికలో సుజుకి సంస్థ చరిత్ర చదివాను. 1909లో జపానులోని హమామత్సు ప్రాంతంలో మిచియో సుజుకి అనే వ్యక్తి మొదలుపెట్టినది మగ్గాల కర్మాగారం! 1952లో సైకిలుకు తగిలించే చిన్న మోటారుతో మొదలై, 1955లో వారి తొలి కారు వచ్చింది. ఇంకా తవ్వితే టయోటా కథా అదే. సకిచి టయోడా మగ్గాలు చేసేవాడు. పోగు తెగగానే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటును ఆయన మగ్గానికి అమర్చాడు. 1924లో పూర్తయిన ఆయన స్వయంచాలక మగ్గం హక్కులను 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కొనుక్కున్నారు. కుమారుడు కిఇచిరో 1933లో ఆ మగ్గాల కర్మాగారంలోనే మోటారు విభాగం తెరిచాడు, 1936లో ఏ.ఏ. అనే కారు బయటికి వచ్చింది. దాని దేహం అమెరికా క్రైస్లర్ ఎయిర్‌ఫ్లోను, ఇంజను షెవర్లేను చూసి చేసినవే. అందులో తప్పేమీ లేదు. నేతగాడు కూడా మొదట ఇంకొకరి అంచును చూసే నేర్చుకుంటాడు.

ఈ సంగతులన్నీ పలక మీద రాసి బాపుకు చూపించాను. మగ్గం దానంతట అదే ఆగిపోవడం దగ్గర ఆయన వేలు నిలిచింది. చాలాసేపు చూశారు. మా ఖాతాలోని సాంచాలకు పడుగు పోగు తెగినా తెలియదు. ఆయనే నడుము వంచి చూసుకోవాలి. ముప్పైయేళ్ళు అలా చూసుకున్నారు.

‘సాంచా జేసినోనికి పోగు తెగుడంటే ఏందో ఎర్కుంటది’ అన్నారు చివరికి. ‘గా కారు గొను.’

1999లో ఒక పాత మారుతి కొన్నాను. బాపు ముందు సీటులో కూర్చొని, చెప్పులు విడిచి, ఎర్రదీపం దగ్గర నిలిచి ఉన్నప్పుడు నేలరేకు మీద ఆ మూడు దెబ్బల వణుకును పాదాలతో చూసేవారు. ఆయనకు అది నచ్చింది. ఫియట్ కంటే సూటిగా ఉన్నదన్నారు. ఈ విషయంలో నేటికీ నేను ఆయనతో ఏకీభవించను. అయినా వాదనలో నా వైపు ఒక బిగుసుకుపోయిన ఇంజను ఉన్నందువల్ల ఎక్కువ మాట్లాడను. బాపు 2009లో కాలం చేశారు. మారుతి 800 తయారీ 2014లో ఆగింది. బొంబాయి రోడ్ల మీద ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నది. ఆ వార్తను నేను రెండుసార్లు చదివాను.

మా అబ్బాయి ఈమధ్య ఒక విద్యుత్ కారు కొన్నాడు. చూడటానికి బాగున్నది. అలవాటు చొప్పున బోనెట్ మీద అరచేయి ఆనించాను. ఏమీ తెలియలేదు. ‘ఎందుకు నాన్నా, దాని కింద సామాను పెట్టుకునే చోటుంది’ అన్నాడు మా అబ్బాయి. మోటారు ఎక్కడుందని అడిగితే వంగి చూపించాడు. రెండు చేతులూ దూర్చే చోటు అక్కడ లేదు.

నగరం అంచులలోని కొత్త షెడ్లలో ఇప్పుడు నాడె లేని మగ్గాలు నడుస్తున్నాయి. నీటి ధారతోనో, గాలి ధారతోనో పేక పోగును తోస్తాయి. గాలితో నడిచేవాటిలో కొన్నింటి మీద టయోటా అని పేరు ఉంటుంది. పోగు తెగితే అవి ఆగిపోయి దీపం వెలిగిస్తాయి. బాపు పెట్టెలో ఆయన కత్తెర, ఒక అరిగిన నాడె, రెండు కండెలు, ఆ నల్లబడిన బేరింగు చిప్ప ఉన్నాయి. సలాబత్‌పురాలో మా సందులో పాత సాంచాలు ఇంకా ఒక గదిలో నడుస్తున్నాయి. రాత్రి కరెంటు పోతే నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది.